పోర్టబుల్ శాంప్లర్‌లో స్టార్ట్, స్టాప్, రెజ్యూమ్ టైములు ఎలా పెట్టాలి? (బందరు కాలువ, విజయవాడ)

ప్రవాహిని:
అందరికీ నమస్కారం. విజయవాడలో పర్యావరణ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ చేస్తున్నాను. బందరు కాలువలో కలిసే ఒక మురుగు కాలువ దగ్గర నీటి నమూనాలు తీయాలి. మా గైడు గారు ల్యాబు మూలన పడి ఉన్న పోర్టబుల్ శాంప్లర్ (పెట్టిన టైముకు దానంతటదే నీటి నమూనా తీసే యంత్రం) ఇచ్చారు. లీటరు సీసాలు 24, పెరిస్టాల్టిక్ పంపు (మెత్తటి గొట్టాన్ని నొక్కుతూ నీరు లాగేది), 12 వోల్టుల బ్యాటరీ. పంపు బాగానే తిరుగుతోంది. మాన్యువల్ మాత్రం ఎవరి దగ్గరా లేదు.

ఉదయం 6 నుంచి 10 దాకా, సాయంత్రం 5 నుంచి రాత్రి 9 దాకా అరగంటకొక నమూనా కావాలి. మధ్యలో యంత్రం ఆగి ఉండాలి. మెనూ మొదట స్టార్ట్ టైము అడుగుతోంది. తరువాత స్టాప్‌లు, రెజ్యూమ్‌లు ఎన్ని అని అడుగుతోంది. స్టాప్ ఇస్తే ప్రోగ్రామ్ మొత్తం ముగిసిపోతుందా, తాత్కాలికంగా ఆగుతుందా? రెజ్యూమ్ టైము రాగానే నమూనా తీస్తుందా, అక్కడి నుంచి అరగంట లెక్కపెట్టి తీస్తుందా? తెలిసినవారు చెప్పగలరు.

సందేహాల_పుట్ట:
ఇంత కష్టం దేనికండీ? ఉదయం ఆరింటికి ఆన్ చేసి పదింటికి ఆపేయండి. సాయంత్రం మళ్లీ వెళ్లండి.

ప్రవాహిని:
అలా రోజుకు రెండుసార్లు గట్టు మీద కాపలా కాయాల్సి వస్తే బకెట్టుతోనే తీసుకోవచ్చు కదండీ, యంత్రం ఎందుకు?

పాత_పంపు:
ప్రవాహిని గారూ, మీ ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయి. విడదీసి చెబుతాను.

స్టార్ట్ అంటే మొదటి నమూనాకు సమయం. మీరు బటన్ నొక్కే క్షణం కాదు. మధ్యాహ్నం గట్టు మీద పెట్టి, ప్రోగ్రామ్ నడిపించి ఇంటికి వెళ్లిపోవచ్చు. చెప్పిన గంట వచ్చేదాకా అది ఎదురు చూస్తుంది. కొన్నిటిలో గంట మాత్రమే అడుగుతారు, తేదీ అడగరు. వాటితో జాగ్రత్త. సాయంత్రం 5:00 అని పెట్టి 5:02కు బటన్ నొక్కితే, యంత్రం మర్నాటి ఐదింటి కోసం కూర్చుంటుంది. తెర మీద తప్పేమీ కనిపించదు. మీరు నిశ్చింతగా వెళ్లిపోతారు.

స్టాప్ తరువాత రెజ్యూమ్ ఉంటే అది విరామం. చివరి స్టాప్ తరువాత రెజ్యూమ్ లేకపోతే ముగింపు. కాబట్టి జాబితా స్టాప్‌తో మొదలవుతుంది, ఆ తరువాత ఒకటి విడిచి ఒకటి. మీకు కావలసినది స్టార్ట్ 6:00, స్టాప్ 10:00, రెజ్యూమ్ 17:00, స్టాప్ 21:00. టైములన్నీ 24 గంటల పద్ధతిలో ఇవ్వండి.

అసలు చిక్కు మూడోది. విరామంలో యంత్రం లోపలి లెక్క ఏమవుతుంది? తయారీదారుని బట్టి, మోడల్‌ని బట్టి మూడు రకాలుగా ఉండవచ్చు. నమూనాకు నమూనాకు మధ్య మీ అరగంటతో తేడా సరిగా బయటపడదు, కాబట్టి ముప్పావు గంటతో చూడండి. 6:00కు మొదలైతే 6:45, 7:30, 8:15, 9:00, 9:45. పదింటికి ఆగింది. ఐదింటికి లేచింది. ఇప్పుడేమవుతుంది?

మొదటి రకంలో లోపలి లెక్క ఆగదు. విరామంలో వంతు వచ్చిన నమూనాలను తీయకుండా వదిలేస్తుందంతే. అప్పుడు సాయంత్రం మొదటి నమూనా 17:15కు వస్తుంది. రెండో రకం రెజ్యూమ్ కాగానే 17:00కే ఒకటి తీసి, అక్కడి నుంచి కొత్త లెక్క మొదలుపెడుతుంది. మూడో రకంలో లెక్క ఆగిన చోటే ఆగుతుంది. 9:45 తరువాత పావుగంట గడిచింది, అరగంట మిగిలింది. ఆ అరగంట ఐదింటి తరువాత పూర్తిచేసి 17:30కు తీస్తుంది. ఈ మూడో రకంలో రాత్రి తొమ్మిదిలోపు అయిదు సీసాలే నిండుతాయి, రెండో రకంలో ఆరు. మొదటి రకంలో ఆరో నమూనా సరిగ్గా 21:00కు పడుతుంది, అదీ స్టాప్ టైమే. తీస్తుందా, తీయదా? అది యంత్రం ఇష్టం.

మీది ఏ రకమో ఇక్కడ అడిగితే తేలదు. బకెట్టులో నీళ్లు పెట్టి పరీక్షించండి. నమూనాకు నమూనాకు మధ్య 8 నిమిషాలు, స్టార్ట్ 11:00, స్టాప్ 11:20, రెజ్యూమ్ 11:30. 11:00, 11:08, 11:16కు తీసి ఆగుతుంది. ఆ తరువాతది 11:30కు తీస్తే రెండో రకం, 11:32 అయితే మొదటిది, 11:34 అయితే మూడోది. ఇంకోసారి స్టాప్‌ను సరిగ్గా 11:16కు పెట్టి, ఆ నిమిషంలో నమూనా తీస్తుందో లేదో చూడండి.

ఆటోనగర్_వైరు:
పాత_పంపు గారు చెప్పాక నాకు మిగిలింది గడియారం సంగతే. మూలన పడి ఉన్న యంత్రం అన్నారు. అందులో గడియారాన్ని నిలబెట్టే చిన్న లిథియం బ్యాటరీ ఉంటుంది, ముందు దాన్ని చూడండి. పెద్ద బ్యాటరీ తీసి, రాత్రంతా ఉంచి, మర్నాడు పెట్టి చూస్తే టైము సరిగా ఉందో లేదో తెలిసిపోతుంది. సరిగా లేకపోతే మీరు ఎంత జాగ్రత్తగా స్టాప్‌లు పెట్టినా వృథా.

తేదీ కూడా. అమెరికాలో తయారైనవాటిలో నెల ముందు, రోజు తరువాత ఉంటుంది. ఆగస్టు 5 అనుకుని 05-08 కొడితే దానికది మే 8. గడిచిపోయిన తేదీ అంటుంది, లేదా ఏమీ అనకుండా ఊరుకుంటుంది. 12 దాటిన తేదీలతో ఈ పొరపాటు వెంటనే దొరికిపోతుంది. నెల మొదటి పన్నెండు రోజుల్లోనే దొరకదు.

ఇంకొకటి. కొన్నిటిలో వేసవి గడియారం మార్పు అనే సెట్టింగ్ ఉంటుంది. మన దేశంలో దాని పని లేదు, ఆపేయండి. ఆన్‌లో ఉంటే మార్చి రెండో ఆదివారం గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం గంట వెనక్కు జరుపుకుంటుంది.

ఈటీపీ_ఇంచార్జి:
స్టాప్, రెజ్యూమ్ జోలికే పోవద్దని నా సలహా. చాలా శాంప్లర్లలో నమూనా టైములను ఒక్కొక్కటిగా కొట్టుకునే వీలుంటుంది. 6:00, 6:30, 7:00 అని పదహారో పద్దెనిమిదో కొట్టేస్తే అయిపోయింది. లెక్క ఆగిందా, నడిచిందా అనే గొడవే ఉండదు. రాత్రి నమూనాలు తీయకపోవడం మాత్రం మంచి నిర్ణయం. రాత్రిపూట నీళ్లలో ఏముంటుంది? సీసాలు దండగ.

పాత_పంపు:
టైములు విడివిడిగా కొట్టడం మంచి పద్ధతే, ఒప్పుకుంటాను. ఒక్క రోజు పనికి నేనూ అదే చేస్తాను. మూడు నాలుగు రోజులకైతే ఆ చిన్న కీప్యాడ్ మీద అన్ని టైములు కొట్టేసరికి ఎక్కడో ఒక అంకె తారుమారు అవుతుంది.

రాత్రి సంగతి మాత్రం ఒప్పుకోను. ఇళ్ల మురుగు అయితే ఉదయం ఒక పెద్ద పోటు, సాయంత్రం ఇంకొకటి, తెల్లవారుజామున మూడు నాలుగింటికి అతి తక్కువ. ఇది పుస్తకాల్లో ఉన్న మాటే, నిజమే. కానీ ఆ మురుగు కాలువలో ఇళ్ల నీళ్లే వస్తున్నాయని ఎవరు చెప్పారు? స్టాప్ పెట్టడం అంటే ఆ గంటల్లో పారే నీళ్లను చూడబోమని ముందే తేల్చుకోవడం. ఎవరూ చూడని గంట కోసమే కాచుకునేవాళ్లు ఉంటారు. దొంగతనంగా ట్యాంకరు మురుగు వదలడానికి పగలు పదింటి వేళ ఎవరికి అనుకూలం?

ఈటీపీ_ఇంచార్జి:
అందరినీ దొంగలను చేయకండి సార్. మా ఈటీపీలో (వ్యర్థజల శుద్ధి ప్లాంటు) రాత్రి షిఫ్టులోనూ శుద్ధి ఆగదు.

పాత_పంపు:
మీ గురించి అనలేదండీ. మీ దగ్గర శుద్ధి ఆగకపోతే రాత్రి సీసాలు ఆ సంగతి మీ తరఫున సాక్ష్యం చెబుతాయి. మీకే లాభం.

ల్యాబ్_గుంటూరు:
గుంటూరులో నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తాను. మీ ఇద్దరి వాదన మధ్యలో ఒక చిన్న మార్గం ఉంది.

ప్రవాహిని గారూ, మీ దగ్గర 24 సీసాలున్నాయి, రోజుకు 24 గంటలున్నాయి. మొదటి రోజు స్టాప్‌లు పెట్టకండి. గంటకొక నమూనా చొప్పున ఒక పూర్తి రోజు నడపండి. ఖరీదైన పరీక్షలు వద్దు. ప్రతి సీసాలో విద్యుత్ వాహకత (కరిగిన లవణాలను బట్టి పెరుగుతుంది), పీహెచ్ చూడండి. రంగు, మడ్డి కంటితో రాసుకోండి. గంటలో అయిపోయే పని. ఏ గంటల్లో నీళ్లు మారుతున్నాయో తెలిశాక స్టాప్, రెజ్యూమ్ టైములు అక్కడి నుంచి తీసుకోండి. 6 నుంచి 10 అనేది మీ అంచనా మాత్రమే. ఇళ్ల నుంచి బయలుదేరిన నీరు కాలువ చివరికి చేరడానికి సమయం పడుతుంది, అందుకే పోటు కూడా ఆలస్యంగా రావచ్చు.

అలాగే, ఎనిమిది గంటల నీటిని కలిపి దాన్ని రోజు మొత్తానికి కంపోజిట్ నమూనా అని థీసిస్‌లో రాయకండి. ఏ గంటల నుంచి ఏ గంటల దాకా తీశారో అదే రాయండి.

కాలువ_లాకు:
ఎవరూ అడగలేదు కానీ చెప్పాలి. ప్రకాశం బ్యారేజీ ఎడమ గట్టు నుంచి ఏలూరు, రైవస్, బందరు కాలువలకు నీరు వదిలినప్పుడు కాలువ మట్టం పెరుగుతుంది. మీ మురుగు కాలువ మూతి దగ్గర నీరు వెనక్కి తన్నుతుంది. అప్పుడు స్ట్రైనర్ (గొట్టం చివర ఉండే జల్లెడ) మూతి దగ్గర ఉంటే మీరు కొలిచేది మురుగు కాదు, కృష్ణ నీరు. వేసవిలో కాలువలు కట్టేశాక అదే చోట స్ట్రైనర్ గాలిలో వేలాడుతుంది. పంపు తిరుగుతుంది, నీరు అందదు, సీసా ఖాళీగా మిగులుతుంది. స్ట్రైనర్‌ను వెనక్కి తన్నే నీరు చేరనంత ఎగువకు జరపండి.

పెట్టెను గట్టు మీద ఎత్తైన చోట గొలుసుతో కట్టండి. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు చూసినవాళ్లకు నీరు ఎంత ఎత్తుకు వస్తుందో చెప్పక్కర్లేదు. కానీ మరీ ఎత్తులో పెడితే పంపు లాగలేదు. మంచి స్థితిలో ఉన్నవి కూడా ఎనిమిది మీటర్ల దగ్గర అలసిపోతాయి, పాతవి ఇంకా ముందే.

సందేహాల_పుట్ట:
శాంప్లర్ కొత్తది ఎంత ఉంటుందండీ?

నిర్వాహకుడు:
ధరల చర్చకు వేరే విభాగం ఉంది. ఇక్కడ ప్రోగ్రామ్ గురించే మాట్లాడుకుందాం.

ప్రవాహిని:
అందరికీ కృతజ్ఞతలు. బకెట్టు పరీక్ష అయింది. మా యంత్రం 11:30కే తీసింది, అంటే రెండో రకం. స్టాప్‌ను 11:16కు పెట్టినప్పుడు ఆ నిమిషం నమూనా తీయలేదు. తేదీ నిజంగానే నెల ముందు పద్ధతిలో ఉంది. లిథియం బ్యాటరీ మార్పించాం.

ల్యాబ్_గుంటూరు గారు చెప్పినట్టు 24 గంటలు నడిపాను. పొద్దుటి పోటు, సాయంత్రం పోటు ఉన్నాయి. కానీ రాత్రి ఒంటి గంట, రెండు, మూడు గంటల సీసాల్లో వాహకత మిగతావాటికంటే స్పష్టంగా ఎక్కువ, రంగు కూడా వేరు. మా గైడు గారు ఆ మూడు సీసాలనే చాలాసేపు చూశారు. ఇప్పుడు మూడో విడత కావాలంటున్నారు: రాత్రి 12:30 నుంచి 3:30 దాకా. స్టార్ట్ 6:00, స్టాప్ 10:00, రెజ్యూమ్ 17:00, స్టాప్ 21:00, రెజ్యూమ్ 00:30, స్టాప్ 3:30. సరిపోతుందా?

ఈటీపీ_ఇంచార్జి:
రాత్రి గురించి నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అయితే ఒక్క రాత్రి చూసి ఎవరినీ అనకండి. ఇంకో రెండు మూడు రాత్రులు అలాగే వస్తే అప్పుడు మాట్లాడవచ్చు.

ఆటోనగర్_వైరు:
00:30 అంటే తేదీ మారింది. రెజ్యూమ్‌కు మర్నాటి తేదీ ఇవ్వండి, 3:30 స్టాప్‌కూ అంతే. అదే తేదీ ఇస్తే 21:00 తరువాత వెనక్కి వెళ్లమన్నట్టు అవుతుంది. కొన్ని యంత్రాలు తప్పు అని తిరగ్గొడతాయి, కొన్ని ఆ జతను పట్టించుకోవు.

పాత_పంపు:
సీసాలు లెక్కపెట్టారా అమ్మా? 6:00 నుంచి 10:00 దాకా రెండు కొసలూ కలిపితే 9. సాయంత్రం 9. రాత్రి 7. మొత్తం 25, మీకున్నవి 24. మీ యంత్రం స్టాప్ నిమిషంలో తీయదన్నారు కాబట్టి 8, 8, 6 కలిపి 22 అవుతాయి, బతికిపోయారు. అయినా ఆ అదృష్టం మీద వదలకండి. స్టాప్‌లను 9:55, 20:55, 3:25కు పెట్టండి. అప్పుడు ఏ రకం యంత్రమైనా చివరి కొస నమూనా తీయదు. మిగిలిన రెండు సీసాల్లో ఒకదాంట్లో స్వేదనజలం పోసి పెట్టెలోనే ఉంచండి, బ్లాంక్‌గా (పోల్చి చూసుకునే శుభ్రమైన నమూనాగా) పనికొస్తుంది. రెండోదాంట్లో మీరు వెళ్లినప్పుడు చేత్తో ఒక నమూనా తీసుకోండి.

ఏడు గంటలు ఆగి లేచిన పంపు మొదటి నమూనా తీసేముందు గొట్టాన్ని ఒకటి రెండుసార్లు కడగాలి. రిన్స్ సెట్టింగ్ ఉంటుంది, రెండు పెట్టండి. నమూనా తరువాత పర్జ్ (గొట్టంలో మిగిలిన నీటిని వెనక్కి తోసేయడం) కూడా. గొట్టం స్ట్రైనర్ దాకా ఎక్కడా లోయ లేకుండా వాలుగా దిగాలి. లోయలో మిగిలిన పొద్దుటి నీరు సాయంత్రం సీసాలోకి పోతుంది.

ల్యాబ్_గుంటూరు:
నాదొక అభ్యంతరం, ఇది ప్రోగ్రామ్‌దే. ఉదయం 6:00కు స్టార్ట్ చేస్తే రాత్రి మూడున్నరకు ముగుస్తుంది. నమూనాలు పరీక్షకు మా దగ్గరికే తెస్తే, మా ల్యాబు తెరిచేది పదింటికి. అప్పటికి మొదటి సీసా 28 గంటల పాతది. బీఓడీకి (మలినాలను కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడే ఆక్సిజన్‌ను కొలిచే పరీక్ష) అది మంచిది కాదు. పైగా తరువాతి రోజు నమూనాలు కూడా కావాలంటే ఆరింటిలోపే సీసాలు మార్చాలి. తెల్లవారుజామున కాలువ గట్టుకు ఎవరు వెళ్తారు?

విడతలు అవే ఉంచండి, స్టార్ట్ మార్చండి. సాయంత్రం 17:00కు స్టార్ట్, 20:55 స్టాప్, 00:30 రెజ్యూమ్, 3:25 స్టాప్, 6:00 రెజ్యూమ్, 9:55 స్టాప్. అవే 22 సీసాలు. పదింటికి మీరు అక్కడుంటారు, మొదటి సీసా వయసు 17 గంటలు. మళ్లీ 17:00 దాకా ఖాళీ. సీసాలు కడగడానికి, బ్యాటరీ మార్చడానికి, ఐసు నింపడానికి బోలెడంత సమయం.

ఐసు గురించి కూడా. స్టాప్‌లో పంపు ఆగుతుంది కానీ ఐసు కరగడం ఆగదు. విజయవాడ ఎండకు చిన్న ఐసు ముక్కలు సగం రోజుకే నీళ్లయిపోతాయి. పెద్ద దిమ్మె తెచ్చి పెట్టెలో సీసాల మధ్య ఉండే గుంటలో పెట్టండి. నమూనాలు 4 డిగ్రీల దగ్గర ఉండాలి. పెట్టె మీద ఎండ పడకుండా చూడండి. సీఓడీ (మలినాలను రసాయనంతో ఆక్సీకరించి కొలిచే పరీక్ష) కోసం తీసే సీసాల్లో ముందే సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసుకోవచ్చు, పీహెచ్ 2 కంటే తగ్గాలి. కానీ అదే సీసాలో బీఓడీ చేయలేరు. ఏ సీసా దేనికో ముందే రాసుకోండి.

నూనె, గ్రీజు, కోలిఫాం బ్యాక్టీరియా, కరిగి ఉన్న ఆక్సిజన్ మాత్రం ఈ యంత్రంతో వద్దు. నూనె గొట్టానికి అంటుకుపోతుంది, గాజు సీసాలో చేత్తోనే తీయాలి. బ్యాక్టీరియా నమూనాలకు శుద్ధిచేసిన సీసా కావాలి, గంటల్లోనే ల్యాబుకు చేరాలి. ఆక్సిజన్ అక్కడికక్కడే కొలవాలి.

ప్రవాహిని:
17:00 స్టార్ట్ ఆలోచన నాకు రానే లేదు. రేపు బుధవారం సాయంత్రం మొదలుపెట్టి గురువారం ఉదయం తెచ్చేయనా మేడం? సీసాల మీద టైము ఎలా రాయాలి? ప్రోగ్రామ్‌లో పెట్టినదా?

ల్యాబ్_గుంటూరు:
ప్రోగ్రామ్‌లో పెట్టినది కాదు. యంత్రం నిజంగా తీసిన టైము రిపోర్టులో ఉంటుంది, అది చూసి రాయండి. నీరు అందలేదని గానీ, విద్యుత్తు పోయిందని గానీ ఉంటే ఆ సీసా దగ్గర అదీ రాయండి. ఒకటి తప్పిపోతే ఆ తరువాతి సీసాల టైములన్నీ జరిగి ఉండవచ్చు.

గురువారం వద్దు. మనం చేసేది 27 డిగ్రీల దగ్గర మూడు రోజుల బీఓడీ. గురువారం పెడితే ఆదివారం చదవాలి, ఆ రోజు ల్యాబుకు సెలవు. శుక్రవారం తెస్తే సోమవారం చదువుతాం. మీ స్టార్ట్ తేదీ గురువారం, రెండు రెజ్యూమ్‌లకూ శుక్రవారం. నెల ముందు కొట్టండి. విజయవాడ నుంచి 11 గంటల లోపు బయలుదేరండి, ఇంక్యుబేటర్‌లో పై అర ఖాళీ చేసి ఉంచుతాను.